గేదె డొక్కకు ఆనుకుని

ఆ రోజుల్లో నిద్రపోకపోవడం కూడా చదువులో ఒక సబ్జెక్టే అనుకునేవాళ్లం. పశువైద్యంలో పీజీ చేస్తున్న మాలో ఎవరి కళ్లు ఎక్కువ ఎర్రగా ఉంటే వాళ్లే గొప్ప. (నా కళ్లు గుంటూరు మిరపకాయలతో పోటీ పడేవి.) పగలు ఆస్పత్రి, మధ్యలో క్లాసులు, రాత్రి కాన్పు కష్టమైన గేదెలు. "గొడ్డుకు ఆదివారం ఉందా అమ్మాయ్, మనకెందుకు?" అనేవారు మా పెద్దసారు. రెండో ఏడు వచ్చేసరికి నాకు అన్నం సయించేది కాదు, కుక్కపిల్ల మూలిగినా ఏడుపొచ్చేది. పశువులంటే ప్రాణమని ఇంట్లో పోట్లాడి మరీ చేరినదాన్ని, పశువును చూస్తేనే విసుగొచ్చే స్థితికొచ్చాను. ఇక ఈ చదువు మానేస్తానని ఒకరోజు సాయంత్రం సారుతో చెప్పేయాలనుకున్నాను.

ఆ రోజు పొద్దున దర్శి దగ్గరొక ఊళ్లో పశువైద్య క్యాంపు. మేత ముట్టని గేదెను ఒక పెద్దమ్మ తోలుకొచ్చింది. పాలు ఎక్కువిస్తుందని పత్తి గింజలు దట్టించిందట. నేను స్టెతస్కోపు ఎడమ డొక్కకు ఆనించి, కడుపులో చప్పుడు కోసం చెవులు రిక్కించాను. డొక్క వెచ్చగా ఉంది. కాస్త ఆనుకున్నాను. అంతే, నిలబడే నిద్రపోయాను.

తర్వాతిది తోటివాళ్లు చెప్పగా విన్నదే. పెద్దమ్మ జనాన్నంతా కసిరిందట. "ష్! డాక్టరమ్మ వింటంది, నోళ్లు మూసుకోండి! ఇంతసేపు ఏ డాక్టరూ విన్లా!" అందరూ ఊపిరి బిగబట్టారు. గేదె కూడా కదల్లేదు, మహాతల్లి. చివరికి నా గురక వినిపించిందట (నేనిప్పటికీ ఒప్పుకోను).

కళ్లు తెరిచేసరికి ఎదురుగా సారు. నా చెంపకంతా గేదె వెంట్రుకలు. గబగబా మందు చీటీ రాసి, పోయిన పరువును గొంతుతో కూడగట్టుకుంటూ, "రెండ్రోజులు దాణా ఆపు పెద్దమ్మా. ఎక్కువ పాల కోసం దాన్ని చంపుకోకు, ఊరికే వదిలెయ్" అన్నాను. పెద్దమ్మ పైట చెంగుతో నా చెంప తుడిచి, సారు వైపు తిరిగింది. "అయ్యా, గేదెకైతే ఈ పిల్ల చెప్పింది. ఈ పిల్లకెవరు చెబుతారు?"

జీపెక్కాక నేను నోరు తెరిచేలోపే సారు, "గేదెకు చెప్పిందే నువ్వూ చెయ్యి. ఇంటికెళ్లి రా. పత్తి గింజలు మాత్రం ఎక్కువ తినకు" అన్నారు. నవ్వబోయి ఏడ్చేశాను. మానేస్తానన్న మాట ఇక బయటికి రాలేదు. ఇంట్లో కంటినిండా నిద్రపోయి తిరిగొచ్చాను.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు చదువుకుంటున్నారు. మొన్నొక అమ్మాయి ఆవు డొక్కకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. లేపబోయిన అటెండరును కసిరాను. "ష్! డాక్టరమ్మ వింటంది." లేచాక ఇంటికి పంపాలనుకుంటూ, ఆవు కదలకుండా పలుపు పట్టుకుని నిలబడ్డాను. రెండో చెయ్యి ఎందుకో నా చెంప తడుముకుంది.