రూతమ్మ ఎత్తని వేలు

ఆదివారం పొద్దున మా ఊళ్లో ఒకే పాట రెండుసార్లు వినిపిస్తుంది. పైవాడలో, అంటే మా మీది గేరిలో, ఏసు గుడి మైకులో చరణం మొదలవుతుంది. అది పూర్తికాక ముందే వాగు అవతల కింది గేరి గుడి మైకు అదే చరణాన్ని అందుకుంటుంది. దేవుడు ఒక్కడే, పాట ఒక్కటే, మధ్యన నీళ్లెరగని వాగు. ముదిగుబ్బ బస్సు దిగిన కొత్తవాళ్లు ఇంత చిన్న ఊళ్లో ఇంత భక్తా అని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ రెండు గొంతులు కలిసి చెవిన పడితే తల వంగిపోతుంది. ఆ వెంటనే రూతమ్మ వేలు గుర్తొస్తుంది.

రూతమ్మ మా సంఘానికి బైబిలమ్మ. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, చదువు రానివాళ్లకు అక్షరాలు నేర్పడం ఆమె పని. పొట్టి మనిషి, పెద్ద నోరు, ముక్కుపొడి అలవాటు. ఆమె పాట అందుకుంటే మేకలు బెదిరేవి. నాకప్పటికే పెళ్లయింది. గొర్రెలు కాసుకుంటూ, ఎక్కడైనా అవసరమైతే వేలిముద్ర వేసేవాణ్ణి. ఒకనాడు దారిలో ఆపి, "ఏమప్పా యాకోబూ, గొర్రె సెవి మీద కోత సూసి అది ఎవురి గొర్రెనో సదువుతావు. అచ్చరాలేం పాపం చేసినాయప్పా నీకు?" అంది. ఆ మాట తగిలింది. మర్నాటి నుంచి మంద నీడ పట్టిన వేళకు ఆమె ముందు కూర్చున్నాను.

ఆమె నాకు చదవడం నేర్పింది అపొస్తలుల కార్యములతో. సువార్తతో మొదలుపెడదామక్కా అంటే ఒప్పుకోలేదు. "దేవుడు ఈడుండంగా ఏం చేసినాడో ఎవురైనా చెప్తారు. ఆయప్ప పైకి పోయినంక మనుసులు ఏం చేసినారో ఈ పుస్తకంలో ఉండాది. అది మన కథ" అంది. నేను చదవాల్సిన మాట కింద వేలు పెట్టేది. ఆ మాట నా నోట వచ్చేదాకా వేలు ఎత్తేది కాదు. తెలియని మాటను దాటేసి ముందుకు పోతానంటే, "మందలో కుంటిదాన్ని ఇడిసి వస్తావా?" అనేది. అలా ఒక్కో మాటా నడిచి వెళితే నాకు తెలిసింది, సంఘం పుట్టుకను రాసినవాడు ఏదీ దాచలేదని. ఉన్నదంతా కలిపి పంచుకున్నారని ఎంత మురిసిపోతూ రాశాడో, పొలం అమ్మి అబద్ధమాడిన ఆలుమగల సంగతీ అంత తేటగా రాశాడు. ప్రాణస్నేహితులిద్దరు మాటా మాటా పెరిగి చెరొక దారి పట్టిన సంగతీ రాశాడు. ప్రసంగం సాగి సాగి, కిటికీలో కూర్చున్నవాడు కునికి కిందపడిన సంగతి కూడా వదల్లేదు. అది చదివిన రోజు ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆరో అధ్యాయం దగ్గర మాత్రం నవ్వలేదు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. మిషను వాళ్లు గోధుమ నూక పంపితే, అప్పటికి రెండు గేర్లకూ ఉన్న ఒక్క గుడి ముందర రోజూ మధ్యాహ్నం పెద్ద గుండిగలో గంజి కాచేవాళ్లం. మాది మీది గేరి. రెండు గేర్లవాళ్లమూ కూలినాలి చేసుకునేవాళ్లమే, ఊరు ఇద్దరినీ ఊరి బయటే పెట్టింది. అయినా మాలో మేము మళ్లీ మెట్లు కట్టుకున్నాం. గరిటె మావాళ్ల చేతిలో ఉండేది. చిక్కనిది మాకు పోశాక, అడుగున మిగిలినదానిలో నీళ్లు కలిపి కింది గేరి వాళ్లకు పోసేవాళ్లు. వరసలో చివరన నిలబడే ముసలి విధవరాళ్లకు ఒక్కోసారి ఆ నీళ్లూ అందేవి కావు. సరిగ్గా అదే ఆ అధ్యాయంలో ఉంది. రోజూ పెట్టే కూటిలో మా విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని పరభాష వాళ్లు సణిగారు. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. రూతమ్మ వేలు ఎత్తలేదు. "పెద్దలేమన్నారో సూడు. సణగొద్దండి అన్నారా? లేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఆ ఏడు పేర్లూ ఎవురి దిక్కువి? సణిగినోళ్ల దిక్కువే. అంటే గరిటె ఎవురికిచ్చినారప్పా?"

ఆ ఆదివారం ఆరాధన కాగానే ఆమె మా సంఘం పెద్దాయన చేతిలోని గరిటె తీసుకుని, కింది గేరి ఓబులక్క చేతిలో పెట్టింది. ఓబులక్క మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. గరిటె గుండిగలో ముంచి పోయడం మొదలుపెట్టింది. "ఇదేం పనమ్మా?" అన్నాడు పెద్దాయన. "ఆరో అధ్యాయం పెద్దాయనా, నేను కొత్తగా రాసింది కాదు" అంది రూతమ్మ. మా వాళ్లు ఒక్కొక్కరే పళ్లెం బోర్లించి లేచారు. మా నాయన, మూడు పూటలుగా సరిగ్గా తినని మనిషి, నా భుజం పట్టి లాగి, "లెయ్‌రా, ఆమె చేతి గంజి తాగే గతి పట్టలేదు మనకు" అన్నాడు. నేనేం వీరుణ్ణి కాను. ఓబులక్క మొదట పోసింది నాకే, అప్పటికే గుక్క నోట్లో ఉంది. ఉమ్మలేక మింగాను. మా నాయన ఆకలితో తూలుతూ ఇంటికి నడిచిన నడక ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఆకలి ఓర్చుకోగలిగాడు, ఆమె చేతిని ఓర్చుకోలేకపోయాడు. ఆయన నా తండ్రి. ఆ సిగ్గు ఎక్కడ కడుక్కోవాలి?

నెల తిరగకుండానే రూతమ్మను నల్లమాడ దిక్కుకు మార్చారు. కింది గేరి వాళ్లు వాగు అవతల కొట్టం వేసుకుని వేరుగా ప్రార్థన పెట్టుకున్నారు. బస్సు కోసం నిలబడ్డ ఆమెను అడిగాను, "గుడి రెండుగా చీలిపాయ గదక్కా. మనం తప్పు చేసినామా?" అని. ఆమె ముక్కుపొడి పీల్చి, "పుస్తకం కడాకు సదివినావా?" అంది. ఇంకా ఉండాదక్కా అన్నాను. "కడాకు పోతే ముగింపే ఉండదు. పౌలు బాడుగింట్లో ఉంటాడు, వచ్చినోళ్లందర్నీ లోపలికి పిలుస్తాంటాడు. ఆడికి ఇడిసిపెట్టినాడు రాసినోడు. ఎందుకిడిసినాడో నువ్వు ఆలోచించుకో." ఆమెను మళ్లీ చూడలేదు.

మొన్న ఆదివారం మీది గేరి గుడికి వార్షికోత్సవం. రెండ్రోజుల ముందే కుర్ర పాస్టరు ఇంటికొచ్చి, "తాతా, మన సంఘం ఎట్ల మొదలైందో నువ్వే చెప్పాల. మంచివి మాత్రమే చెప్పు, ఆ గంజి గొడవ వద్దులే. వచ్చినోళ్ల ముందర బాగుండదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పరిశుద్ధులు దాచుకోని సంగతిని దాచుకోవడానికి మనమెవరం? వీళ్లు రోజూ ముద్దుపెట్టుకునే పుస్తకంలోనే ఉంది కదా! అయినా సరేనన్నాను. ఆ రోజు మైకు ముందుకు పోయి ఆరో అధ్యాయం తీసి వేలు పెట్టాను. చదివాను. తర్వాత ఓబులక్క పేరు, రూతమ్మ పేరు, బోర్లించిన పళ్లేల్లో మా నాయన పళ్లెం, అన్నీ చెప్పాను. పాస్టరు వెనక నుంచి చొక్కా లాగాడు. ముందు వరసలో నా కొడుకు తల దించుకున్నాడు.

అప్పుడు గమనించాను, అంతదాకా పాడుతున్న వాగు అవతల మైకు ఆగిపోయింది. వింటున్నారో, కరెంటు పోయిందో తెలియదు. అడగడానికి పోవాలంటే దాటాల్సింది ఎండిన వాగే, నాలుగు అంగల దూరం. ఇన్నేళ్లలో నేను వాళ్ల గుడి గడప తొక్కలేదన్న సంగతి మైకు ముందు నిలబడినప్పుడే గుర్తొచ్చింది. పుస్తకం మూయలేకపోయాను. సణిగారన్న మాట మీద నుంచి వేలు తీయకుండా, పుస్తకాన్ని అలాగే పట్టుకుని వాగులోకి దిగాను.