పసుపు పెట్టిన కార్డు

“కార్డు చూస్తే చాలు, నాకు గుండె ఆగిపోతాదవ్వా” అన్నాను నేను. “నేను రాయిస్తే నాలుగు మూలలా పసుపు పెట్టిస్తాలే మే, జడుసుకోవద్దు, రైలెక్కు పో” అంది అవ్వ. ధర్మవరం స్టేషన్లో మేమిద్దరం అనుకున్న కడపటి మాటలు ఇవే.

నిన్న బంధువులది పెళ్లికార్డు వచ్చింది. మూలల్లో పసుపు కూడా ప్రెస్సులోనే అచ్చు వేశారు, వేలితో రుద్దితే అంటలేదు. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు, అందుకే మనవరాలిని కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది. నాకు సంతకం తప్ప రాదు.

నా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మంచి కబురు కార్డుకు పసుపు, చావు కబురు కార్డుకు మసి. చదువు రానివాళ్లం మూలలు చూసే నవ్వేవాళ్లం, మూలలు చూసే ఏడ్చేవాళ్లం. మా నాయన పోయినప్పుడు హిందూపురంలో కాపురమున్న నాకు మసి మూలల కార్డే వచ్చింది. పోస్టుమాన్ చేయి చాపగానే గడపలో కూలబడ్డాను, లోపల ఏముందో ఎవరూ చదవకముందే. ఆ కర్మలకు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడే అవ్వతో నేను ఆ మాట అన్నది.

అమ్మ నన్ను కని పోతే పెంచింది నాయన తల్లి, ఈ అవ్వే. రెండో తరగతిలో బడి మాన్పించి రాట్నం ముందు కూర్చోబెట్టిందీ ఆమే. ఇంట్లో కండెలు చుట్టడానికి ఇంకో చేయి లేదు, నాయన మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. కోపం ఉండేది, దాచను. బడి గంట వినబడినప్పుడల్లా రాట్నం ఇంకా విసురుగా తిప్పేదాన్ని, పట్టుపోగు తెగేది, అవ్వ తిట్టకుండా తెగిన పోగు అతికి, కొంగులో ముడివేసుకున్న వేయించిన శనక్కాయలు నా ఒళ్లో వేసి లేచిపోయేది.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన బెల్లం లారీ మీద పోయి శనివారానికి ఇల్లు చేరేవాడు. ఇప్పుడు రాస్తున్న ఈ పిల్ల తల్లి నా కడుపులో ఉంది, ఆరో నెల. మంగళవారం కార్డు వచ్చింది, నాలుగు మూలలా పసుపు. ధర్మవరంలో అవ్వను చూసుకునే చిన్నాయన కూతురికి పెళ్లి కుదిరిందనుకుని ప్రాణం లేచి వచ్చింది. పక్కింటామె చదివి పెట్టేది కానీ, “ఈయమ్మకు కార్డొస్తే నాకు కూలి లేని పని” అని వీధంతా వినబడేలా నవ్వేది. మంచి మాటే కదా, మా ఆయన నోటనే విందామని దేవుడి పటం ముందు పెట్టాను. రోజూ దీపం పెట్టి దాన్ని కళ్లకద్దుకున్నాను. నాలుగు రోజులు కళ్లకద్దుకున్నాను.

శనివారం ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి కార్డు చదివాడు, మళ్లీ చదివాడు, నా మొహం చూడలేదు. “అవ్వకు బాగలేదంట. నిన్నే అడుగుతాందంట. కార్డు చూసిన వెంటనే రమ్మన్యారు” అన్నాడు.

ఆదివారం పొద్దున రైలెక్కాం. పెనుకొండలో ఎదురు బండి కోసం మా బండి ఆపారు. అది పక్క పట్టాల మీదికి వచ్చి ఆగింది. కిటికీలో చిన్నాయన, గుండు చేయించుకుని. ఇక నాకెవరూ ఏమీ చదివి చెప్పాల్సిన పని లేకపోయింది.

చిన్నాయన దిగి మా కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. “నిన్ను పిల్సుకపోదామనే వస్తాండా. ఇప్పుడా అమ్మీ నువ్వు బయల్దేరేది? శుక్రవారమే అయిపాయె. మూడు దినాలు వాకిలి పక్కే సూసె.”

“పసుపు ఉండాదే చిన్నాయనా, పసుపెందుకు పెడితివి?” అని అరిచాను.

“నేను పెట్టలే. వద్దంటే మీ అవ్వ వినలే. దానికి సదువు రాదు, కడుపుతో ఉండాది, ఉత్త కార్డు సూస్తే జడుసుకుంటాది, నేను మాటిచ్చినా అని, లేవలేని మనిషి తానే వేలు ముంచి పెట్టె.”

చిన్నాయన మా బండెక్కాడు. ధర్మవరంలో దిగి ఇంటికి పోయాం. అవ్వ పడుకున్న చోట చిన్న గిన్నెలో పసుపు ఎండి, మధ్యలో వేలు పెట్టిన గుంట అట్లే ఉంది.

ఆమె నన్ను బడి మాన్పించింది, నేను ఆమెకు కడసారి నీళ్లు పోయలేదు. ఈ రెండూ ఒకదానికొకటి చెల్లుతాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేనప్పుడు సిగ్గుపడకుండా పక్కింటి గడప తొక్కి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు కార్డులు లేవు. పెళ్లికీ చావుకూ ఫోన్లో ఒకటే చప్పుడు. మా ఆయన పోయిన కబురు కూడా అట్లాగే టింగుమని వచ్చింది, ఈ పిల్లే చదివి, ఫోను పక్కన పెట్టి, నా చేయి పట్టుకుంది. మూల చూసి ముందుగా గుండె చిక్కబట్టుకునే వీలు లేదు, మూల చూసి మోసపోయే వీలూ లేదు. ఏది మేలో నాకు తెలియదు.

యాడిదాకా రాస్తివి మే? మొదట్నుంచి సదివి వినిపించు. సాయంత్రం కాదు, ఇప్పుడే.