రంగుల అడుగున నంబరు

ఊళ్లో బడి గేటుకు, ఆసుపత్రి కిటికీలకు రంగు వేసిందెవరని అడిగితే చిన్నపిల్లాడైనా రంగులయ్య పేరే చెబుతాడు. కుంచె పట్టిన నాటి నుంచి తన రంగు పెచ్చులూడిందన్న మాట ఆయన పడలేదు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే. డబ్బా అడుగున మిగిలిన రంగు పారబోయడానికి ప్రాణం ఒప్పదు. తెచ్చి తన మోపెడ్‌కు పూస్తాడు. ఇంటి తలుపు మాత్రం వట్టి చెక్కే. తలుపేమన్నా సవతి బిడ్డా అని భార్య దెప్పని రోజు లేదు.

ఆ పిచ్చే కొంప ముంచింది. కూడలిలో ట్రాఫిక్ పోలీసులు బండి ఆపారు. కాగితాల్లో నీలం, ఎదురుగా ఆకుపచ్చ. ఛాసిస్ నంబరు చూద్దామంటే రంగుల కింద సమాధి అయిపోయింది. దొంగబండేమోనని స్టేషనుకు పట్టుకుపోయారు. తిరిగి తిరిగి చెప్పులరిగాక, నంబరు చూపించకపోతే రేపు వేలానికి పంపేస్తామన్నారు. ఈ వయసులో నిచ్చెన భుజాన వేసుకుని నడవగలడా? బండి పోతే పనీ పోయినట్టే.

ఆయన భార్యను వెంటబెట్టుకుని స్టేషనుకొచ్చి, లప్పం గీకే రేకు, గరుకు కాగితం పట్టుకుని బండి ముందు చతికిలబడ్డాడు. గీకితే నంబరు కూడా పోతుందేమోనని ఎస్సై అనుమానపడ్డాడు.

“నా చేత్తో వేసిందే కదా బాబూ, నా చెయ్యి మాట వింటుంది” అన్నాడు రంగులయ్య.

ఆకుపచ్చ లేచింది. అది బడి గేటుది. దాని కింద బూడిద రంగు, ఆసుపత్రి కిటికీలది. ముసురులో వేసినా బుడగ రాలేదు. దాని కింద ఎరుపు, ఫైరు స్టేషను తలుపులది. పొర లేచిన కొద్దీ తన ఘనకార్యాలు ఏకరువు పెట్టాడు. కానిస్టేబుళ్లు చుట్టూ మూగారు. ఆ బడి గేటెక్కి దూకే చదువుకున్నానని ఒకాయన ఒప్పుకున్నాడు.

చివరికి నీలం తేలింది. అందులో నంబరు, నిన్న కొట్టినట్టు. అన్ని పొరలు కప్పుకున్నందుకు తుప్పు దాని జోలికే రాలేదు. ఎస్సై కాగితంతో అంకె అంకె సరిచూసి, నవ్వు ఆపుకోలేక తాళం చేతిలో పెట్టాడు. బండిని మళ్లీ నీలంలోకి తేవాలని చెప్పి, పనిలో పనిగా స్టేషను గేటుకూ రంగు వేసి పెట్టమన్నాడు.

రంగులయ్య మీసం దువ్వాడు. “వేస్తాను. మిగిలిన రంగు మాత్రం నాదే.”

వెనక సీటెక్కుతూ ఆయన భార్య తేల్చేసింది: “నీది కాదు. మన తలుపుది.”

తాళం తిప్పి బండి కదిలించాడు రంగులయ్య. ఇప్పుడా తలుపు చూడాలి, అద్దంలా మెరుస్తుంది.