మైకమ్మ ఇంటికొచ్చిన బాబాయ్

మా వదినను బస్టాండులో అందరూ మైకమ్మ అంటారు. బస్సుల రాకపోకలు మైకులో చెప్పేది ఆవిడే. అద్దాల గదిలో కూర్చుని, గుమాస్తా కోడిగీతల్లో రాసిన చీటీలు చూసి, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎందుకు ఆలస్యమైందో పొల్లుపోకుండా చెబుతుంది. మైకమ్మ చెబితే చెవిటివాడు కూడా బస్సెక్కేస్తాడని క్యాంటీనువాళ్ళు అంటుంటారు. పక్కన ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు ఉండాల్సిందే. గొంతు బొంగురుపోతుందని ఎండాకాలంలో కూడా చల్లనిది ముట్టదు. నోటితో బతికే మనిషి మరి.

అలాంటి మనిషి కడుపున మాట తిరగని పిల్ల పుట్టింది. పుట్టగానే ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలిందన్నారు. కాళ్ళు నిలబడవు, చేతులు చెప్పిన మాట వినవు, నాలుకైతే అసలే వినదు. తెలివికి మాత్రం లోటు లేదు. వాళ్ళమ్మ కంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. నోరు తెరిస్తే అచ్చులు బయటికొస్తాయి, పెదవులతో పలికే అక్షరాలు వస్తాయి, మిగతావి లోపలే ఉండిపోతాయి. పుస్తకం అడిగితే "పుఅఅం" అని వినబడుతుంది.

వదినకు మాత్రం అంతా అర్థమవుతుంది. పాప ఒక మాట అనడం, వదిన ఆ వెంటనే దాన్ని మైకులో చెప్పినంత స్పష్టంగా మాకు తిరిగి చెప్పడం, మా ఇంట్లో ఇదే పద్ధతి. అన్నయ్యకు, డాక్టరుకు, బడిలో టీచరుకు, ముందుగదిలో కుట్టుమిషను తొక్కుకుంటూ అదే ఇంట్లో పడి ఉండే మేనత్తనైన నాకు, అందరికీ పాప మాట వదిన నోటి నుంచే అందేది. పాప మాట్లాడుతుంటే మేము వదిన ముఖం చూసేవాళ్ళం. అందులో తప్పేముందో మాలో ఒక్కరికీ తోచలేదు.

పాపకు సాయంగా ఉండే కుక్క కోసం కుక్కల శిక్షణ కేంద్రం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది కూడా వదినే. పగలు ఆవిడ బస్టాండులో, అన్నయ్య శీతల గిడ్డంగిలో, నేను మిషను మీద. పెన్సిలు జారి కింద పడితే ఎవరో ఒకరు వచ్చేదాకా చక్రాల కుర్చీలో దాన్ని చూస్తూ కూర్చోవడమే పాప పని. ఎట్టకేలకు మట్టిరంగు కుక్క ఒకటి వచ్చింది. పడినవి నోటితో అందిస్తుంది, మూతితో తలుపు నెడుతుంది, కాలితో దీపం మీట నొక్కుతుంది, పాప కుర్చీలోంచి జారితే మొరిగి పిలుస్తుంది. పాపకు నోరు తిరిగే పేరు పెట్టుకోమన్నారు. పాప ఆలోచించి "బాబాయ్" అంది.

అన్నయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "పోన్లే, నాకు తమ్ముడు లేని లోటు తీరింది" అన్నాడు. వదినకు మరిదయ్యాడు కాబట్టి, "మరిదిగారూ, కాస్త లేస్తే ఇల్లు తుడుచుకుంటా" అని ఆవిడ మర్యాదగా పలకరించేది. నేను మాత్రం దాన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. నా మిషను కింద గుడ్డముక్కల మీద పడుకుంటే చీపురు చూపించేదాన్ని, అది తోక ఊపేది.

నవ్వులు ఎక్కువ రోజులు సాగలేదు. కేంద్రం నుంచి ట్రైనరు చూడ్డానికి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. పాప గది మూల స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పాప పుస్తకం తెమ్మంది. బాబాయ్ పాపను చూసి, తల తిప్పి వదిన వైపు చూశాడు. "పుస్తకం తే అంటోంది" అంది వదిన. బాబాయ్ పరుగున వెళ్ళి తెచ్చాడు. వదిన ముఖం వెలిగిపోయింది. ట్రైనరు ముఖం మాత్రం వాడిపోయింది.

"ఇది పాప మాట వినట్లేదమ్మా, మీ మాట వింటోంది" అన్నాడు.

"పాప చెప్పిందే కదండీ నేను చెప్పాను!"

"మీరు పాపను మా కేంద్రానికి తెచ్చినప్పుడు పాప గొంతుకే లేచేది. ఇక్కడికొచ్చాక, మీరు రెండోసారి చెప్పేదాకా ఆగాలని నేర్చుకుంది."

"నేను చెప్పకపోతే ఎట్లా కుదురుతుంది? దాని నోరు నేనేనండీ!"

"నేననేదీ అదేనమ్మా. కుక్కక్కూడా అదే అర్థమైంది."

వచ్చే నెల మళ్ళీ వస్తానన్నాడు. అప్పటికి బాబాయ్ పాప మాటకు కదలకపోతే వెనక్కి తీసుకెళ్ళక తప్పదనీ, దాని కోసం ఎదురుచూసే పిల్లలు ఇంకా ఉన్నారనీ మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పినంత మాత్రాన మా గుండెల్లో రాయి పడకుండా ఉంటుందా? పాప చెయ్యి వంకర్లు తిరుగుతూ కుక్క మెడ కోసం వెతుక్కుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వదిన నోరు మూయించే కార్యక్రమం మొదలైంది. ఎంత కష్టమో చూసినవాళ్ళకు తెలుస్తుంది. ముందు ఒట్టు పెట్టుకుంది, అరగంట నిలబడలేదు. తర్వాత నిజంగానే నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చుంది. పాప దువ్వెన అడిగింది, బాబాయ్ వదిన వైపు చూశాడు, వదిన ఆత్రంతో నీళ్ళన్నీ నా కుట్టుపని మీద ఊసింది. ఎవరిదో కొత్త గౌను. నేను నానా మాటలూ అన్నాను. నోరు కట్టుకున్నా కళ్ళు ఊరుకోవు, గడ్డం ఊరుకోదు. పాప దేని పేరు చెబితే ఆవిడ చూపు దాని మీదికి పోయేది, వెనకే బాబాయ్ కూడా పోయేవాడు. గదిలోంచి తప్పుకుంటే, వాడు వంటింట్లోకొచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాక్కెళ్ళేవాడు.

బస్టాండులోనూ తేడా వచ్చింది. ఒక రోజు వదిన రెండు బస్సుల ప్లాట్‌ఫారాలు తారుమారు చేసి చెప్పింది. జనం మూటలతో, పిల్లలతో అటూ ఇటూ పరుగులు పెట్టారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ లేని తప్పు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గోడకు చేరగిలబడింది. "ఇంట్లో మాట మింగీ మింగీ అక్కడ కూడా తడబడుతున్నానే" అంది. నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపం వస్తుంది. "నీ మాట ఎవడిక్కావాలి వదినా, దాని మాట కావాలి" అనేశాను. అనకుండా ఉండాల్సింది.

గడువు దగ్గరపడ్డాక ఒక సెలవురోజు మధ్యాహ్నం పాప కళ్ళజోడు కింద పడింది. వదినా నేనూ అక్కడే ఉన్నాం. పాప బాబాయ్‌ని పిలిచి చెప్పింది. వాడు వదినను చూశాడు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ చూశాడు. పాప మెడ నరాలు ఉబ్బాయి, చొంగ కారిపోతోంది, ముఖం కందగడ్డైంది. వదిన పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు పాప కుక్కను వదిలేసి వాళ్ళమ్మ వైపు తిరిగి, ఏడుస్తూ ఏదో గట్టిగా అరిచింది.

వదిన కొంగు తీసి నా వైపు తిరిగింది. "నువ్వెళ్ళిపో, నువ్వుంటే నా మాట ఎవ్వరూ వినరు, అంటోంది" అంది. ఎప్పటిలాగే, స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా.

అన్నాకగాని ఆ మాట తననేనని ఆవిడకు తట్టలేదు. చేత్తో నోరు మూసుకుంది. కళ్ళజోడు తీసి పాపకు పెట్టి ఇవతలికొచ్చేశాను. ఇన్నేళ్ళూ ఆ పిల్ల ముఖం చూసి ఒక్క మాటైనా విన్నానా అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ట్రైనరు అన్న ప్రకారం వచ్చాడు. అదే మూల, అదే స్టూలు. వదిన గది బయట, గుమ్మానికి ఎదురుగా నిలబడింది, పక్కన నేను. పాప పెన్సిలు తెమ్మంది. బాబాయ్ గుమ్మం వైపు చూశాడు. పుస్తకం తెమ్మంది. గుమ్మం వైపే చూశాడు. ట్రైనరు తల వంచుకున్నాడు. ఆయన చేతిలో కుక్క మెడకు తగిలించే తాడు ఉంది. దాన్ని పాప కూడా చూసింది.

పాప ఊపిరి కూడదీసుకుంది. "బాబాయ్. అఉపు" అంది.

తలుపు వెయ్యమని. అది నాక్కూడా అర్థమైంది. వదిన పెదవులు కదలబోయాయి. ఏమనిపించిందో, ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగి మాకందరికీ వీపు పెట్టేసింది. బాబాయ్ ఆ వీపును చూశాడు. కాసేపు చూశాడు. అందులో చూపు లేదు, గడ్డం లేదు. వాడికి ఇక చూడ్డానికి పాప ముఖమే మిగిలింది.

"అఉపు" అంది పాప మళ్ళీ.

వాడు లేచొచ్చి మూతితో తలుపు నెట్టాడు. తలుపు మా మీద మూసుకుంది.

లోపల పాప కేకేసి నవ్వింది. ఆపైన మాటలు మొదలుపెట్టింది. చిన్న గొంతుతో, ఆగకుండా, గబగబా ఏదేదో చెబుతోంది. వదిన తలుపుకు చెవి ఆనించింది. ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏమంటోందే?" అని నన్నడిగింది.

నన్ను! ఆవిడ ఆ ప్రశ్న అడగడం నేనెప్పుడూ వినలేదు. "నాకేం తెలుసు వదినా" అన్నాను. నా కళ్ళు నిండిపోయాయి.

ట్రైనరు బయటికొచ్చి, వెనక తలుపు మళ్ళీ దగ్గరికి వేశాడు. తాడు మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. "కుక్క ఉంటుందమ్మా" అన్నాడు.

వదినకు ఆ మాట చెవికెక్కినట్టే లేదు. "ఏమంది సార్ మా అమ్మాయి? ఇందాకట్నుంచీ ఏం చెబుతోంది?"

"నాతో కాదమ్మా. వాడితో చెప్పుకుంటోంది" అని ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వదిన గడియ మీద చెయ్యి వేసి, తీసేసింది. తర్వాత, తన కూతురి గది తలుపును మొట్టమొదటిసారి వేళ్ళతో తట్టింది. లోపల మాటలు ఆగిపోయాయి. ఎవరూ రమ్మనలేదు. వదిన అక్కడే నిలబడి ఉంది.