నూట నలభై దగ్గర లేచిన కొండ

నా తలమీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. (వేరేవాళ్ల తలమీద పెట్టేవాణ్నే కానీ, మా ఇంట్లో ఎవరూ తల ఇవ్వడం లేదు.) ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రో రాలేదు, కొత్తపేట పండ్ల మార్కెట్ ఎటూ పోలేదు, నా ఉద్యోగం మాత్రం ఏ క్షణాన పోతుందో తెలిసేది కాదు. ఎల్బీనగర్ దగ్గర ఒక పీజీ కాలేజీలో ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్ని. "ప్రాక్టికల్స్‌కు ఒచ్చే ఎగ్జామినర్ లాబ్ మంచిగుందని రాస్తే ఉంటవ్, లేకుంటే నీ తొవ్వ నువ్వు జూస్కో" అని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు. అప్పటినుంచి నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు.

మా లాబ్‌కు తలమానికం గామా స్పెక్ట్రోమీటర్. పరమాణువు లోపలి కేంద్రకం కూడా మనలాంటిదే. శక్తి కాస్త ఎక్కువైతే కుదురుగా ఉండలేదు, దాన్ని గామా కిరణంగా కక్కేసి చల్లబడుతుంది. ఆ కిరణం శక్తి ఎంతో కొలిస్తే కక్కిందెవరో వేలిముద్ర దొరికినట్టు దొరికిపోతుంది. మా దగ్గరున్నది చొక్కా గుండీ అంత సీజియం బిళ్ల ఒక్కటే. దాన్ని పెడితే తెరమీది గ్రాఫులో 662 అంకె దగ్గర ఒక కొండ లేవాలి. ఏటా అక్కడే లేచేది, బుద్ధిమంతురాలు.

ఎగ్జామినర్ది గుంటూరు వైపు. నవ్వడం నేరమనుకునే మనిషి. పిల్లలు పది నిమిషాల్లోనే ఆయనకు 'కర్ఫ్యూ సార్' అని పేరు పెట్టేశారు. నేను తోకలాగా ఆయన వెంటే తిరుగుతున్నాను. ఆయన తెరముందు వంగి కళ్లజోడు సర్దుకున్నాడు. 662 దగ్గర కొండ ఉంది. కానీ 140 దగ్గర దానికి నాలుగింతల కొండ ఇంకొకటి!

"ఏమిటయ్యా ఇది?"

"కొత్తది సార్."

"కొత్తదని కనపడుతూనే ఉంది. ఎక్కడిదని అడుగుతున్నా. లెక్కలో లేని పదార్థమేదో మీ లాబ్‌లో ఉందన్నమాట. రిపోర్టులో రాయాల్సిందేగా!"

సొరుగులు లాగాం, అల్మారాలు దులిపాం, చివరికి పిల్లల టిఫిన్ డబ్బాలు కూడా తెరిచాం. "గీండ్ల గోంగూర తప్ప ఏం లేదు సార్. గోంగూర కాదు గదా?" అంది లాబ్ అక్క. (ఆమె మా అటెండరు, నల్గొండ దిక్కు మనిషి, నాకంటే ఆ పరికరాన్ని బాగా ఎరిగింది.) ఆయనా నేనూ స్టోర్ రూం కూడా వెతికి వచ్చేసరికి ఆమె తెరముందు నిలబడి ఉంది. "మీరు బైటికి వోయినంతసేపు గా కొండ లేవనే లేదు. మల్ల మొదలువెట్టి జూసిన. లోపలికి రాంగనే లేసింది" అంటూ నేరుగా ఎగ్జామినర్ వైపు వేలు చూపించింది.

కర్ఫ్యూ సార్ మొహం పాలిపోయింది. నన్ను వరండాలోకి తీసుకుపోయి, "నిన్న గుండెకు స్కాన్ తీయించుకున్నానయ్యా. సూది వేశారు. ఇంట్లో తెలీదు" అన్నాడు నేలచూపులు చూస్తూ. ఆ సూదిమందులో ఉండేది చల్లబడే తొందర లేని కేంద్రకం. ఆరేసి గంటలకు సగం చొప్పున నింపాదిగా తగ్గుతూ, మర్నాడు కూడా ఒంట్లోంచి ఆ 140 కిరణాలు కక్కుతూనే ఉంటుంది. పాఠం చెప్పే మనిషే ఆ సంగతి మర్చిపోయాడు. "ఏమన్నారు సార్ డాక్టర్లు?" "గుండె భేషుగ్గా ఉందిట. ఒట్టి ఆదుర్దా అన్నారు." లోపలికొచ్చి రిపోర్టులో రాశాడు: 'పరికరాలు అత్యంత సున్నితంగా పనిచేయుచున్నవి.' నా ఉద్యోగం నిలిచింది.

ఇక తలమీంచి చెయ్యి తీసేస్తున్నాను. ఆ స్కాన్ నాది. ఉద్యోగం పోతుందన్న దిగులుతో వారం రోజులు ఛాతీ నొప్పి వస్తే, ఎవరికీ చెప్పకుండా దవాఖానకు పోయి సూది వేయించుకుని, తెల్లారి తోకలాగా ఆయన పక్కనే నిలబడిన పుణ్యాత్ముణ్ని నేనే. అక్క వేలు నా వైపే చూపించింది. మర్చిపోయిన ఫిజిక్స్ కూడా నాదే. ఆయన నవ్వడన్నది ఇంకో అబద్ధం. వరండాలో నన్ను నిలబెట్టి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత భుజంమీద చెయ్యి వేసి, "ముందు ఇంట్లో చెప్పు. ఆ తర్వాతే మార్కుల లిస్టు పట్రా" అన్నాడు.

కాలేజీ ఎదుటి కాయిన్ బాక్స్ నుంచి మా ఆవిడకు ఫోన్ చేశాను. "ఉద్యోగం ఉన్నది" అన్నాను. "గంతేనా? గొంతు గట్లున్నదేంది?" అంది. "ఎండకు" అన్నాను. రిసీవర్ పట్టుకుని చెమటలు కక్కుతున్న ఆ పిరికివాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ జాలీ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ రోజు దాచిన మాట ఇదిగో, ఇప్పటికి బయటపెట్టాను. ఇది ఆమె కంటబడేలోగా నేను నాగోల్ దాకా నడిచొస్తాను.