మావ విన్న సంతాపసభ

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు చావంటే మహా ఇష్టంగా ఉండేది. నా చావు కాదు లెండి, కవిత్వంలో చావు. ప్రేమ మీద రాయాలంటే ఎదురుగా ఓ అమ్మాయి ఉండాలి, ఆ అమ్మాయి ఒక్కసారైనా మన వంక చూడాలి. చావుకు ఆ ఇబ్బందులేవీ లేవు. టెక్కలిలో అద్దెగదిలో కూర్చుని, పొద్దున తిన్న ఉప్మా అరిగేలోపు లోకమంతటినీ శ్మశానం చేసేసేవాణ్ణి. దాంతో చుట్టాల్లో నాకు కవి అని పేరొచ్చేసింది.

అలాంటప్పుడు జలంత్రకోట నుంచి మా పెద్దమావ ఫోన్ చేశాడు. అమ్మకు అన్నయ్య, కొబ్బరి, జీడితోటల రైతు. ఆయన గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. మంగళవారమే, విశాఖలో.

"అల్లుడూ, నాను సచ్చిపోతే నా మీద కవిత్వం రాత్తావా?"

"అవేం మాటలు మావా!"

"రాత్తావా, రాయవా? అది సెప్పు."

"రాస్తాను."

"అయితే ఇప్పుడే రాసి పట్రా. పోయాక సదివితే నాకేటి ఇనబడతాది? నీలాటోళ్ళు ఇంకెవులైనా ఉంటే ఆళ్ళనీ తీసుకురా."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. నేను, మేం 'ఉప్పెన' అని పిలుచుకునే నా స్నేహితుడు, రిటైరైన మా తెలుగు మాస్టారు. కొబ్బరితోటలో కుర్చీలు వేయించి, ఇరుగుపొరుగును కూడా పిలిచి, మావ ఇస్త్రీ చొక్కాతో మధ్యలో కూర్చున్నాడు. "సుబ్బరంగా ఉన్న మనిసికి సంతాపసభేటి!" అని మండిపడిన అత్త, మాకు వీపు పెట్టి కూర్చుంది (వినడం మాత్రం మానలేదు).

ముందుగా ఉప్పెన లేచి పిడికిలి బిగించాడు. "ఓ మృత్యువా, దమ్ముంటే రా!" అన్నాడో లేదో, మావ చెయ్యెత్తేశాడు. "ఒరే బాబూ, ఆపు! ఎల్లుండి కోత నాకు. మజ్జిలో నువ్వు దాన్నెందుకు రెచ్చగొడతావు?"

తర్వాత మాస్టారు. చావంటే అమ్మ ఒడి అనీ, అలసిన బాటసారికి చల్లని నీడ అనీ శ్రావ్యంగా పద్యాలు పాడారు. మావ మర్యాదగా చివరిదాకా విని, "అంత సుకంగా ఉంటే తమరే ముందెళ్ళి సూసి రండి మేస్టారూ" అన్నాడు.

ఇక నా వంతు. సూర్యుడు కడలిలో కూలిపోయాడు, కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకుని ఏడ్చాయి, ఊరు అనాథ అయిపోయింది. చదువుతుంటే నా గొంతే వణికింది. మావ మాత్రం నుదురు చిట్లించాడు.

"ఇందులో నానెక్కడున్నానురా?"

"సూర్యుడివి నువ్వే మావా."

"సూరీడు నాకేటవుతాడు? తుపానుకి తోటంతా పడిపోతే మళ్ళీ మొక్కలేసినోణ్ణి నాను. అది రాయవేటి?"

"గురక సంగతి కూడా రాయించండి" అంది అత్త, అటు తిరిగే.

అంతే, సభ చేజారిపోయింది. పెళ్ళిచూపులకెళ్ళి మావ పక్కింట్లో కూర్చుని టీ తాగొచ్చిన కథ ఒకరు, బావిలో పడిన దూడను తీయబోయి తనే పడిన కథ ఇంకొకరు. అందరికన్నా ఎక్కువ మావే నవ్వాడు.

సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చి, నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడూ, ఒకడు రమ్మన్నాడు, ఒకడు మంచిదన్నాడు, నువ్వేమో ఏడిసినావు. బయమేత్తందని ఒక్కడూ రాయలేదేట్రా? నాకు మాచెడ్డ బయంగా ఉంది." "నాకూ భయంగానే ఉంది మావా" అన్నాను. మావ నా భుజం మీద చెయ్యేసి, బస్సు వచ్చేదాకా తియ్యలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాక ఫోన్ చేసి, "సంతాపసభ పెట్టించుకుని బతికేశాను, ఊళ్ళో మొకం సూపించలేకపోతన్నాను" అన్నాడు.

ఇప్పుడు పలాసలో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఈ మధ్యలో నాన్న పోయాడు, ఇష్టమైనవాళ్ళు ఇంకొందరు పోయారు. చావు గురించి సమస్తం తెలిసిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది. మొన్న చూడ్డానికి వెళ్తే మావ అడిగాడు.

"ఈ మజ్జిన సావు మీద ఏటీ రాయట్లేదేటి?"

"రావట్లేదు మావా."

"పెద్దోడివయ్యేవురా" అన్నాడు.