అమ్మకో పొట్టి వీణ

ఇది రెండు వేల ఏళ్ల మహాగాథ. ఇందులో రాళ్లు పాడతాయి, రాజ్యాలు కూలతాయి. ఇలా మొదలుపెట్టాలని ఉంది గానీ, నాకు తెలిసి కూలింది మా అమ్మ మోకాలొక్కటే.

అమ్మ వీణ టీచరు. మోకాలి ఆపరేషనయ్యాక డాక్టరుగారు ఇక బాసింపట్టు వేయొద్దన్నారు. నేల మీద కూర్చోలేదు. బల్ల మీద పెట్టుకుని వాయించమంటే, "వీణేమన్నా కుట్టు మిషనా?" అని దానికి గుడ్డ కప్పేసింది. మూడు నెలలు మా ఇంట్లో టీవీ సీరియళ్ల ఏడుపులే సంగీతం. అమ్మ చేత మళ్లీ వాయింపించాలని నేను పట్టు పట్టాను. మొండితనం కూడా ఆవిడ నేర్పిందే.

చుట్టాలను అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు ఒక శిల్పం కనిపించింది. ఎత్తు పీట మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్న ఒకావిడ, ఆవిడ గుండెకు ఆనించుకున్న పొట్టి వీణ. వీణకు సగానికి కోసిన బొప్పాయిలాంటి బుర్ర, చిన్న మెడ. ఇప్పటి పొడుగు వీణ రాకముందు, ఎన్నో శతాబ్దాల కిందట, ఇక్కడ వాయించింది ఇలాంటివేనట. తర్వాతి కాలపు శిల్పాల్లోంచి ఈ పొట్టి వీణ మెల్లగా మాయమైందట. ఎందుకని మ్యూజియం వాళ్లను అడిగితే సరిగా తెలియదన్నారు. నాకు కావలసింది ఆ పీట: నేల మీద కూర్చోకుండా వాయించొచ్చన్నమాట.

గుణదలలో వీణలు బాగుచేసే పెద్దాయనకు ఫొటో చూపించాను.

"ముందు బానే ఉంది బాబూ. వెనకెలా ఉంటది?"

లోతు తెలియకుండా చెక్క తొలవనన్నాడు. మళ్లీ బస్సెక్కాను. శిల్పం పక్కన మెడ వంచి చూస్తుంటే గార్డు వచ్చాడు.

"ఏం పోయిందండీ?"

"ఈ వీణ వెనక చూడాలండీ."

"వెనక రాయేనండీ."

నా చరిత్ర పరిశోధన అక్కడితో ముగిసింది. విషయం చెబితే పెద్దాయన మొహం వెలిగిపోయింది. "అయితే నా ఇష్టమేగా!" అని పనస దుంగ తీసి, వెనక భాగం గుండ్రంగా, నున్నగా చెక్కాడు. తీగల కింద ఉండే మెట్లు రాతిలో కనపడలేదన్నాను. "వాయించేది రాతి ఆవిడ కాదుగా," అని మైనం పోసి మెట్లు బిగించాడు.

అమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "ఇదేంట్రా, వీణకి పిల్ల పుట్టిందా?"

"నీకంటే సీనియరమ్మా. రెండు వేల ఏళ్లు. మధ్యలో ఎందుకో మాయమైపోయిందట."

కుర్చీలో కూర్చుని తీగ మీటింది. నా కళ్లు చెమర్చేలోపే వీణ చీర మీద నుంచి జారి మోకాలికి తగిలింది. ఆపరేషన్ చేయని మోకాలే. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ జారింది.

"ఇలా జారిపోతుంటే మాయమవదా మరి," అంది. అయినా కింద పెట్టలేదు. "ఏడుపు మొహం పెట్టడం ఆపి, ఇలా వచ్చి పట్టుకో."

వర్ణం మొత్తం అయ్యేదాకా నేను కుర్చీ పక్కన వంగి వీణ పట్టుకునే ఉన్నాను. ఆఖర్న నడుం పట్టేసింది, అమ్మ మాత్రం ఇంకోటి అందుకుంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం పాఠాలు చెబుతోంది. గ్యాస్ స్టవ్ కింద వేసే రబ్బరు షీటు ముక్క ఒడిలో వేసుకుంటే వీణ జారదు. గరుకు వైపు పైకి ఉండాలి.